ఒనోదెరా గారి ఏడు

టోక్యోలోని ఓ చిన్న పజిళ్ల పత్రికలో పాఠకులు పంపే సుడోకులను అచ్చుకు ముందు పెన్సిలుతో పూరించి చూడడం హిసాయె పని. చేత్తో కూర్చిన పజిల్‌లో కూర్చినవాళ్లే దారి చూపిస్తారని ఆమె నమ్మకం. అందుకే గడిగడికీ గొణుగుతుంది: "ఓహో, ఇప్పుడా మూలకి రమ్మంటారా? వస్తున్నా, వస్తున్నా." ఎదురు బల్ల దగ్గర కూర్చునే కురోకి అనే కుర్రాడు నవ్వుతాడు. "ఎవరితో అక్కా కబుర్లు?"

ఆ మధ్యాహ్నం వచ్చిన కవరు ఒనోదెరా గారిది. ఇరవై ఏళ్లుగా ఆయన పజిళ్లు పంపుతున్నా ఆమె ఆయన ముఖం ఎన్నడూ చూడలేదు. ఎడమ కొసన చిన్న కొక్కెం ఉండే ఆయన ఏడును మాత్రం ఎక్కడైనా పోల్చుకోగలదు. ఎప్పట్లాగే గడి నుంచి గడికి ఆయనే ఆమె చెయ్యి పట్టుకుని నడిపించారు. చివరి నాలుగు గళ్ల దగ్గర దారి ఆగిపోయింది. వాటిలో నాలుగు, ఏడు అంకెలు ఎటు మార్చి వేసినా సరిపోతున్నాయి. రెండు జవాబులున్న పజిల్ అచ్చుకి పనికిరాదు. ఆయన అలాంటి తప్పు చేసే మనిషి కాదు.

"ఏంటండీ, నన్నిక్కడ వదిలేసి ఎటెళ్లారు?" అంది.

కవరులో మిగిలిన చీటీని కురోకి తీసి చదివాడు: "మా ఆయన పోయినప్పుడు బల్ల మీద ఉన్నదిదే. ఇంకొక్క అంకె వెయ్యాలన్నారు." ఈసారి అతను నవ్వలేదు.

హిసాయె తలెత్తలేదు. ఆమె పెన్సిలు ఆ నాలుగు గళ్లలో మొదటిదానిలో ఏడు వేసింది, ఎడమ కొసన చిన్న కొక్కెంతో.

"వస్తున్నా, వస్తున్నా," అని గొణిగింది.