పాలు తాగని హంస

మొన్న ఆదివారం ఆరాధన అయి ఇంటికొచ్చి ఫోను తెరిస్తే, మా సంఘంలోని ఆడవాళ్ళ గ్రూపులో ఎవరో ధర్మసాగర్ చెరువు నీళ్ళమీద వాలిన పిట్టల ఫోటో పెట్టి, కింద ‘మన ఊరికి హంసలొచ్చాయి’ అని రాశారు. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి తల, ఆ తల వెనుక రెండు నల్లటి అడ్డచారలు, పసుపుపచ్చ ముక్కు. అవి హంసలు కావమ్మా అని సగం రాసి తుడిచేశాను. ఒకప్పుడు హంస అన్న మాట పట్టుకునే మేము ఒక పిట్టను చంపినంత పని చేశాం, ఆ సంగతి రెండు ముక్కల్లో చెప్పేది కాదు.

మా బాపు ధర్మసాగర్ నుంచి వరంగల్‌కు మంచినీళ్ళు పంపే పంపుహౌసులో ఫిట్టరుగా ఉండేవాడు. మా క్వార్టరు కట్టకు ఆనుకొనే ఉండేది. చలి మొదలయ్యే రోజుల్లో ఆ పెద్ద అడవి బాతులు గుంపులుగా దిగేవి. పగలంతా నీటి అంచున ఒంటికాలిమీద కునుకుతూ, పొద్దు వాలాక ఒకసారి, తెల్లవారకముందు ఒకసారి బారులు తీరి మేతకు లేచేవి. ఎండలు ముదరకముందే వెళ్ళిపోయేవి. గుడ్లు పెట్టేది హిమాలయాల అవతలనని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది గానీ, అప్పట్లో ఉత్తరం దిక్కు నుంచి వస్తాయి, అటే పోతాయి, అంతవరకే మాకు ఎరుక.

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు, గుమ్మానికి కట్టిన క్రిస్మస్ నక్షత్రం ఇంకా దించకముందే, చేపల వలలో చిక్కి రెక్క మెలిపడిన పిట్టనొకదాన్ని బాపు గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చాడు. గుంపంతా మేతకు పోయినా ఒక పిట్ట మాత్రం మా క్వార్టరు ఎదుటి నీళ్ళలోనే ఈదుతూ అరుస్తూ ఉండేది, అది దీని జోడై ఉంటుందని అందరం అనుకున్నాం. మిగతావి వెళ్ళిపోయేలోగా రెక్క కుదిరితేనే ఇది బతుకుతుంది, మన ఎండలకు ఆగదు అన్నాడు బాపు. నాకు ఆ రోజునుంచి అదే బెంగ.

ఆ రోజుల్లోనే మా చిన్నాయన వచ్చాడు. బడిలో తెలుగు చెప్పేవాడాయన. పిట్టను అటూ ఇటూ చూసి, నడక చూడండి, మెడ చూడండి, ఇది సాక్షాత్తూ హంస అని తేల్చాడు. పొద్దూ మాపూ బైబిలు చదివే ఇల్లే అయినా హంస మాట వచ్చేసరికి మేమందరం వాచకంలోని పద్యాలకే ఓటు వేశాం. అమ్మ బర్రెపాలలో నీళ్ళు కలిపి గిన్నె ముందు పెట్టింది, అది పాలను వేరు చేసే వింత చూడాలని మేము చుట్టూ కూర్చున్నాం. అది ముక్కు ముంచి, తల విదిలించి, పక్కకు తిరిగింది. బాపుకు ఈ గొడవ నచ్చలేదు, బాతు ఎక్కడైనా బాతే అంటూ నత్తలూ చిన్న చేపలూ ఏరుకొచ్చి పోశాడు. వాటివైపు చూడను కూడా లేదు. మూడు రోజులకు మెడ వాల్చేసింది. ఉత్తమజాతి, ఉపవాసం చేస్తోందన్నాడు చిన్నాయన. నేను ప్రార్థన చేస్తూనే ఆయన్ని లోపల తిట్టుకున్నాను.

నాలుగో రోజు పెద్దమ్మ వచ్చింది. మాకు చుట్టం కాదు, వరస కలిపి పిలుచుకునే మనిషి. నీళ్ళు తగ్గాక బయటపడే చెరువు శికం నేలలో శనగ వేసుకునేది, ఆ శనగ మొక్కలను ఈ పిట్టలే మొదలంటా కొరికి పోయేవి. పొద్దున్నే వాటిని తిడుతూ తరమడమే ఆమె పని. చేను తిన్నదాన్ని ఇంట్లో పెట్టి సాకుతున్నారని విని కొట్లాటకే వచ్చింది, దాని మెడ విరిచేస్తుందేమోనని నేను అడ్డంగా నిలబడ్డాను. ఆమె నన్ను పక్కకు జరిపి, గిన్నెను చూసి, చిన్నాయనవైపు తిరిగింది.

“పాలు వోస్తాండ్రా దీనికి? ఓ పంతులూ, నీ సదువుల మన్నువడ! గిది బర్రె లెక్క మేసే పిట్ట. దాని పెంట సూడుండ్రి, అంత పచ్చగడ్డే.”

విసురుగా వెళ్ళిపోయి, కాసేపటికి కొంగు నిండా లేత శనగాకు తెచ్చి దాని ముందు కుమ్మరించింది. అది మెడ చాచి, ఒక కొమ్మ లాగి, తర్వాత ఆగకుండా తిన్నది. అమ్మ ఏడ్చేసింది. అప్పటినుంచి పెద్దమ్మ రోజూ వచ్చేది, “తిను సచ్చిందానా, ఎట్లైనా నాదే తింటివి” అని తిడుతూ తన చేతులతోనే పెట్టేది.

మాఘం దాటాక, రెక్క కుదిరిందనిపించిన ఒక ఉదయం బాపు దాన్ని కట్టమీద వదిలాడు. కాసేపు నిలబడి, రెక్కలు ఆడించుకుంటూ పరుగెత్తి, తక్కువ ఎత్తున ఎగిరి గుంపు మధ్యలో దిగింది. ఒక పిట్ట, దాని జోడే కావచ్చు, మెడ నేలకు సమంగా చాచి అరుస్తూ దానికి ఎదురొచ్చింది. అంతవరకు చూసి పెద్దమ్మ చేనుకు వెళ్ళిపోయింది. నాలుగు రోజుల తర్వాత చూస్తే నీళ్ళు ఖాళీగా ఉన్నాయి.

మరుసటి చలికాలం అవి మళ్ళీ వచ్చి పెద్దమ్మ చేనులో దిగాయి. నేను బడికి పోతూ చూస్తే ఆమె గట్టుమీద ఊరికే కూర్చొని ఉంది. ఎందుకు తరమడం లేదని అడిగాను.

“దేన్నని కొట్టాలె బిడ్డా? అండ్ల మనదేదో ఎర్కైతాందా?” అన్నది.

ఆ ఏడు ఆమెకు సగం పంటే చేతికొచ్చింది. ఇప్పుడు ఎత్తిపోతల నీళ్ళతో జలాశయం నిండుగా ఉంటోంది, ఆ శికం బయటపడటమే తక్కువ, పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది. పిట్టలు వస్తే అందరూ మెచ్చుకుంటున్నారు, మంచిదే. కానీ పంట పోగొట్టుకుని వాటిని తెలుసుకున్న మనిషి, తెలుసుకున్నాక చెయ్యెత్తలేకపోయిన మనిషి ఈ గట్లమీద ఇప్పుడెవరూ లేరు. నాకు పిట్టలకంటే ఆమె మీదే ఎక్కువ బెంగగా ఉంది.