మా అత్త ఎంచుకున్న తుపాకీ

మా మామ పోయాక ఆయన తుపాకీని మేమే తీసుకెళ్లి బలాయిలో అప్పజెప్పాం. బలాయి అంటే ఇక్కడి మలాయి భాషలో పోలీసు స్టేషను. లైసెన్సు ఉన్న మనిషి పోతే తుపాకీ అక్కడికి చేరాల్సిందే. తర్వాత ఇంట్లో ఎవరైనా తమ పేరున అడిగి, పోలీసులు ఒప్పుకుంటేనే తిరిగి వస్తుంది. మా ఇంట్లో అడిగేవాళ్లు ఎవరున్నారు? నేను పోర్ట్ క్లాంగ్‌లో గోదాము పని చేసుకునేవాణ్ణి, తుపాకీ అంటే సినిమాలో చూడడమే. నా భార్య వాళ్లకి ఒక్కతే కూతురు. బాగన్ దాతుక్ దగ్గర వాళ్లకున్న పామాయిలు తోట చూసుకోవడానికి ఇక మా అత్తే.

పందులకి కాపలా మనిషి లేడన్న సంగతి త్వరగానే తెలిసిపోయింది. మామ పాత చెట్లు కొట్టించి కొత్త మొక్కలు నాటించిన నేల చెక్క ఒకటుంది. అడివి పందులు అందులోకి దిగి, మొక్కల్ని మూతితో పెకలించి, లోపలి తెల్లటి మొవ్వు నమిలి, మిగతాది బురదలో తొక్కి పోయేవి. మా అత్త పాత రేకులు పాతింది. ముళ్ల తీగ కట్టింది. రేడియో పెట్టి వదిలేసింది. రెండు రోజులు బెదిరి, మూడోనాడు ఆ పాటలు వింటూనే తిన్నాయి.

"వేటగాళ్లని పిలిపిద్దాం అత్తా" అన్నాను.

"పిలిస్తే వస్తారు బాబూ. కొట్టి ఎల్తారు. మళ్లా వారం పందొస్తే ఎవలు సూస్తారు?" అంది. తర్వాత తాపీగా చెప్పింది: "బలాయిలో అడిగినాను. నా పేరున ఇస్తారంట."

నేనూ నా భార్యా మొహమొహాలు చూసుకున్నాం. అరవై దగ్గరపడిన మనిషి. పొట్టి మనిషి. మామ తుపాకీ తుడుస్తున్నప్పుడు ఆ గదిలోకే వెళ్లేది కాదు, నూనె వాసనకి తలనొప్పి అని. బలాయిలో ఆఫీసరు కూడా "తీసుకుంటారు సరే కక్, కాల్చేదెవరు?" అని అడిగాడట. కక్ అంటే మలాయిలో అక్క. "నేనే" అని చెప్పిందట ఆమె. ఇంటికొచ్చి తోట చూశారు, చుట్టుపక్కల వాళ్లని విచారించారు, చాలాకాలం నాన్చారు. చివరికి లైసెన్సు వచ్చింది. పందిని కొట్టడానికి అడివి శాఖ అనుమతి వేరే. దానికీ ఆమే తిరిగింది.

నన్ను ఈపో తీసుకెళ్లమంది. మామ ఎప్పుడూ తూటాలు కొనే కొట్టు అక్కడే. మామ తుపాకీ కూడా పట్టుకెళ్లాం. దాన్ని శుభ్రం చేయించి తెచ్చుకుంటుందనే నేను అనుకున్నాను.

కొట్టు తవుకే, అంటే యజమాని, ముసలి చీనా ఆయన. మామని గుర్తుపట్టి కాసేపు బాధపడ్డాడు. అత్తా ఆయనా మలాయిలోనే మాట్లాడుకున్నారు. "భుజానికి పెట్టి చూడండి కక్" అన్నాడు. అత్త మామ తుపాకీ ఎత్తింది. పొడుగు గొట్టాలు, పొడుగు చెక్క. మామ ఆరడుగుల మనిషి. ఆమె చెంప ఆనాల్సిన చోట ఆనడం లేదు, మెడ సాచాల్సి వస్తోంది. గొట్టాల కొసలు కిందికి వాలిపోతున్నాయి. ఆమె దించి, మళ్లీ ఎత్తి, మళ్లీ దించింది. చెక్క మీద మామ అరచెయ్యి రాసుకుని నునుపెక్కిన చోటొకటి ఉంది. అక్కడ కాసేపు బొటనవేలు పెట్టింది. ఏడుస్తుందేమోనని నేను వీధి వైపు తిరిగాను.

"ఇది నాకు నప్పదు" అన్న మాట వినిపించింది. "మీరు తీసుకోండి. నాకు తగ్గది చూపించండి."

కారులో వచ్చేటప్పుడు అడిగాను, మామ గుర్తుగా ఉంచుకోవాలనిపించలేదా అని. "ఆయన గుర్తుకి ఫొటో ఉంది, సొక్కాలున్నాయి. తుపాకీ గుర్తుకి కాదు లా. గురి తప్పితే పంది గాయంతో పరిగెత్తి ఎక్కడో సత్తాది. నేదంటే ఎవలో మనిషికి తగుల్తాది. అప్పుడు ఆయనకి మర్యాదేటి?" అంది. మాట చివర 'లా' తగిలించడం ఇక్కడ మా అందరి అలవాటు.

ఆ రోజు కొట్టులో మధ్యాహ్నం దాకా ఉన్నాం. తవుకే ఒక తేలికైన తుపాకీ ఇచ్చాడు. అత్తకి అది బాగా నచ్చింది, చీపురుకట్టలా ఉందని నవ్వింది. "తేలికగా ఉంటే మొయ్యడం సుఖం, కాల్చినప్పుడు మాత్రం భుజాన్ని గట్టిగా గుద్దుతుంది" అన్నాడు తవుకే. దాన్ని పక్కన పెట్టింది. తర్వాత వరసగా తూటాలు తనే ఎక్కించుకునేది ఒకటి చూపించాడు, దెబ్బ మెత్తగా ఉంటుందని. అందులో తూటా ఉందో లేదో పైనుంచి చూస్తే ఆమెకి తెలియలేదు. అదీ వద్దంది. చివరికి రెండు గొట్టాలు పక్కపక్కన ఉన్నది, మధ్యకి విరిచి తెరిచేది తీసుకుంది. మామ దానికంటే పొట్టిది, బరువు మధ్యరకం. తెరిచి పట్టుకుంటే రెండు కన్నాల్లోంచి కొట్టు గోడ మీది క్యాలెండరు కనిపించింది. "ఇదయితే ఖాళీయో కాదో దూరం నుంచి మా అల్లుడికి కూడా తెలుస్తుంది" అంది. తవుకే చెక్క కొంచెం కోయించి, వెనక రబ్బరు మెత్త వేయించాడు.

తూటాల దగ్గర ఇంకా ఆలస్యమైంది. బల్ల మీద మూడు రకాలు పెట్టాడు. పిట్టలకి వాడే ఆవగింజల్లాంటి గుండ్లవి ఒకటి. అవి పందికి చర్మం గీరడానికి తప్ప పనికిరావన్నాడు. లోపల ఒకే ఒక పెద్ద సీసపు గుండు ఉన్నది ఇంకొకటి. శనగ గింజలంత గుండ్లు కొన్ని ఉన్నది మూడోది.

"మా ఆయన ఏది వాడేవారు?"

"పెద్ద గుండు."

"అది పందికి తగలకపోతే ఎక్కడ ఆగుతుంది?"

తవుకే కొంచెం ఆలోచించాడు. "మీది చదును నేల. ఆగదు. చాలా దూరం పోతుంది."

మా తోట పక్కనే పరిట్ ఉంది, అంటే తోటల మధ్య తవ్విన నీళ్ల కాలువ. దాని అవతల ఒక మలాయి కుటుంబం ఇల్లు. మామ కాలంలో ఆ ఇల్లు లేదు, ఈ మధ్యే కట్టుకున్నారు. అత్త మూడో రకం తీసుకుంది. "దీంతో ఎంత దగ్గర నుంచి కొట్టాలి?" అంటే ఆయన లేచి వెనక గోడకి ఆనుకుని నిలబడి, వీధి అవతల ఆగి ఉన్న మోటారుసైకిలు చూపించాడు. "అంతకంటే దూరమైతే గుండ్లు చెదిరిపోతాయి. అప్పుడు కాల్చొద్దు."

ఇంటికొచ్చాక ఆమె మొదట చేసిన పని సున్నం కలపడం. మాటు వేసే చోట్ల నుంచి తవుకే చూపించినంత దూరంలో ఉన్న చెట్ల మొదళ్లకి తెల్లటి పట్టీలు వేసింది. తవుకే చెప్పిన షూటింగ్ క్లబ్బులో నేర్చుకుంది. మొదటిసారి పేల్చినాక భుజం కమిలి నల్లబడింది. ఆ పైవారం మళ్లీ వెళ్లింది.

నేను వెంట ఉన్నది ఒకే ఒక్క వేటలో. సాయంత్రం ఎండ వాలుతుండగా తోటకి ఇవతలి గట్టు కింద, కాలువ వైపు చూస్తూ కూర్చున్నాం. పెద్ద మగ పంది ఒకటి వచ్చింది, దాని వీపు మీద బురద ఎండి తెల్లగా ఉంది. సున్నం పట్టీకి అవతలే నిలబడి మొక్క పెకలించడం మొదలెట్టింది. "అత్తా, కొట్టు" అన్నాను గొంతు తగ్గించి. ఆమె కదల్లేదు. మొక్క పోయింది. ఇంకో మొక్క పోయింది. తర్వాత అది పట్టీ దాటి ఇవతలికి వచ్చింది గానీ, సరిగ్గా దాని వెనకాల అవతలి ఇంటి వంటగది దీపం వెలిగింది. మా అత్త ఎత్తిన తుపాకీ దించేసింది. పంది తిన్నంత తిని పోయింది. నాకు ఒళ్లు మండింది. ఆమె తుపాకీ విరిచి, తూటాలు తీసి జేబులో వేసుకుని, "పొద్దున్న సూద్దాం" అని లేచింది.

పొద్దున్న మంచు ఇంకా చెట్ల మీద ఉండగానే, అవతలి ఇల్లు తన వీపు వెనక ఉండేలా కాలువ వైపు గట్టు కింద కూర్చుంది. అదే పంది వచ్చింది. పట్టీ దాటింది. అత్త ఇంకా రానిచ్చింది. అప్పుడు పేల్చింది. చప్పుడుకి కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. పంది ముందు కాళ్ల మీద కూలబడి, పక్కకి ఒరిగి, మళ్లీ లేవలేదు. నేను పరిగెత్తబోతే నా చొక్కా పట్టుకుని ఆపింది. రెండో గొట్టం దాని మీదే ఉంచి, అది పూర్తిగా ఆగిందని నమ్మకం కుదిరేదాకా కూర్చుంది. అప్పుడు తెరిచి, ఖాళీ చేసి, నాకు చూపించి, గట్టు మీద చతికిలబడింది.

"నీళ్లున్నాయా బాబూ?" అంది.

పక్క తోట చీనా ఆయన లారీ తెచ్చి పందిని తీసుకెళ్లాడు. మాకూ కొంత మాంసం పంపుతానంటే అత్త ఈసారికి వద్దంది. చేతికి పార తీసుకుని, పందిని లారీకి ఈడ్చిన దారిలో రక్తం పడిన చోటల్లా మట్టి కప్పుతూ కాలువ ఒడ్డు దాకా వెళ్లింది. అవతలి ఇంటాయన తొక్కే దారి అది, ముస్లింలకి పంది రక్తం అంటకూడదు. అతను అప్పటికే ఇంటి ముందు నిలబడి చూస్తున్నాడు. వాళ్ల మరవల్లి, అదే కర్రపెండలం దుంపలు కూడా ఆ పందే తవ్వేసింది. కాలువ దాటి రాలేదు గానీ, గుండెల మీద చెయ్యి పెట్టుకుని "తెరిమా కాసి, కక్" అన్నాడు. ధన్యవాదాలు అని. ఈమె పార పైకెత్తి చూపించి నవ్వింది.

ఇప్పుడు చుట్టుపక్కల తోటలవాళ్లు కూడా వచ్చి తమ తోటలో కొట్టి పెట్టమని అడుగుతారు. తన లైసెన్సు తన తోటకే అని పంపేస్తుంది, టీ ఇచ్చి మరీ. కానీ తుపాకీ ఎంచుకోవడానికి ఎవరైనా తోడు రమ్మంటే మాత్రం వెళ్తుంది. మొన్న అలా ఒకతన్ని ఈపో తీసుకెళ్లి, అతను ముచ్చటపడ్డ తుపాకీ వద్దని, సాయంత్రం దాకా కొట్టులో కూర్చోబెట్టిందట. నా భార్య ఫోన్ చేసి "ఏటమ్మా, మనిషిని ఆకలికి మాడ్చినావట?" అంటే, "రొట్టె కొనిపెట్టినాను లా" అంది మా అత్త.