దిష్టి ఉప్పు

పోయిన నెల విశాఖపట్నంలో మా మేనమామ కూతురు, ఐదో నెల కడుపుతో ఉన్న పిల్ల, ఇంట్లో కూర్చుని విసుగొస్తోందంటూ నన్ను వెంటబెట్టుకుని ఒక మాల్‌కి తీసుకెళ్ళింది. అక్కడ గోడంత అద్దాల తొట్టెలో, అడుగున ఇసుకలో పళ్ళెంలా పరుచుకుని ఉన్న, కొరడాలాంటి తోకున్న ఒక టేకు చేప, మేం వెళ్ళి నిలబడగానే లేచి, అద్దం వెంట పాకుతూ పైకొచ్చి, సరిగ్గా ఆ పిల్ల పొట్ట ఎదురుగా తన తెల్లటి కడుపు ఆనించి ఆగిపోయింది. ఆ చేపని అడుగువైపు నుంచి చూసినవాళ్ళకి తెలుసు, దాని ముక్కు రంధ్రాలు కళ్ళలా, నోరు చిన్న నవ్వులా, అచ్చం పసిబిడ్డ మొహంలా ఉంటుంది. పిల్ల దాన్ని చూసి ఒక మాట అంది. అదేమిటో చివర్లో చెబుతాను గానీ, అది విని నేను పక్కనున్న బెంచీ మీద కూర్చుండిపోయాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు అరకులోయలో టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు, అక్కడే చిన్న లాడ్జి నడుపుతున్న మా మేనమామ ఇంట్లో ఉండేదాన్ని. సాలూరు నుంచి కొండెక్కిన మనిషి, పిచ్చి సరదాలు మాత్రం అక్కడ వదిలిపెట్టి రాలేదు. కుందేళ్ళయ్యాయి, ప్రేమపక్షులయ్యాయి, ఒకసారి విశాఖ నుంచి వచ్చే కిరండోల్ రైల్లో థర్మోకోల్ పెట్టెనిండా నీళ్ళతో మంచినీటి టేకు చేపని మోసుకొచ్చి లాడ్జి ముందు హాల్లో తొట్టె కట్టించాడు. చిన్నప్పట్నుంచీ టేకు పులుసు తిన్న మా అత్త, సముద్రంలో చేప మంచినీళ్ళలో బతకడమేమిటని ఆయన్ని నెలరోజులు ఆటపట్టించింది.

అత్తకి అంతకుముందు కడుపు నిలిచినట్టే నిలిచి పోయేది. ఇక ఆశ వదులుకున్న వయసులో మళ్ళీ నిలిచింది. అదే రోజుల్లో, కొనేనాటికే కడుపుతో ఉందేమో, చేప వీపు కూడా ఉబ్బింది. ఈ రకం గుడ్లు పెట్టదని, పిల్లల్నే కంటుందని తెలిసిన మావయ్య, మన ఇంట్లో ఒకేసారి రెండు పురుళ్ళని నవ్వాడు. ఆయన నవ్వులాటకి అన్నాడు, అత్త మనసులో పెట్టుకుంది. సాయంత్రం మంచు తలుపు సందుల్లోంచి హాల్లోకి వచ్చేవేళ ఆవిడ తొట్టె పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది, అది అద్దమెక్కి ఆవిడ పొట్టకెదురుగా ఆ మొహం పెట్టుకుని ఉండేది. లోపల బిడ్డ కదిలినప్పుడల్లా దాని అంచులు కూడా అల్లల్లాడేవి. నేను కళ్ళారా చూశాను. మావయ్య అది మేతకోసమనేవాడు, నేనూ అలాగే అనుకోవాలని చూసేదాన్ని.

ఆ చలికి నీళ్ళలో హీటరు ఉండాల్సిందే. ఒకరోజు చేప దానికి ఆనుకుని పడుకుని వీపు కాల్చుకుంది. అదే రోజు అత్తకి నడుం పట్టేసింది.

"దానికి కాల్తే నాకు కాల్నట్టే ఉంటాదే గుంటా," అంది నాతో, నడుం మీద చెయ్యేసుకుని.

చేపలు అమ్మినతను కాలిన చోటికి మంచిదని అక్వేరియం ఉప్పు పొట్లం ఇచ్చి, ఈ జాతి ఉప్పుకి ఎక్కువ ఓర్చుకోదు జాగ్రత్త అన్నాడట. మావయ్య పసిబిడ్డకి మందు పట్టినంత శ్రద్ధగా చెంచాతో కొలిచి, వేరే బకెట్లో కరిగించి, కొంచెం కొంచెంగా పోసేవాడు. ఆయన అటు వెళ్ళగానే అత్త గుప్పెట్లో రాళ్ళ ఉప్పు పట్టుకొచ్చి, ముందు తనకీ తర్వాత అద్దం మీదుగా చేపకీ దిష్టి తిప్పి, ఆ ఉప్పు తొట్టెలోనే వేసేది. దిష్టి తీసిన ఉప్పు నీళ్ళలో కరగాలి కదా, దగ్గరున్న నీళ్ళు అవే. పర్యాటకులంతా కళ్ళప్పగించి చూసే జీవానికి దిష్టి తగలడంలో నాకూ వింత కనిపించలేదు. చేప మేత మానేసింది, అంచులు అప్పడంలా పైకి ముడుచుకున్నాయి. అది నీరసించేకొద్దీ అత్త భయం పెరిగింది, భయం పెరిగేకొద్దీ గుప్పెడు పెద్దదైంది.

ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి అది ఇసుకలో వెల్లకిలా పడి, ఆ నవ్వు మొహంతో పైకి చూస్తోంది. కడుపులో పిల్లలతోనే పోయింది. మావయ్య నీళ్ళలో వేలు ముంచి నాలిక్కి రాసుకుని, అత్త వైపు చూశాడు.

"నా దిష్టంతా అదే అట్టుకెలిపోనాది," అంది అత్త. ఏడవలేదు. ఆవిడ గొంతులో నిశ్చింత వినిపించింది. ఆ వెంటనే నొప్పులు మొదలయ్యాయి, ఆడపిల్ల క్షేమంగా పుట్టింది.

ఆ పిల్ల ఉప్పు తినదు. అన్నప్రాశన నాడు నాలిక మీద పెట్టిన ఉప్పేసిన మెతుకులు ఉమ్మేసింది మొదలు, మేం చప్పగా ఉందనుకున్న కూర కూడా దానికి ఉప్పుకషాయమే. అత్త బతికున్నన్నాళ్ళూ కూతురికి వేరే గిన్నెలో చప్పిడి వండింది. చేప సంగతి పిల్లకి ఎవరూ చెప్పలేదు, దానికి పాకడం రాకముందే తొట్టె ఎవరికో ఇచ్చేశారు.

అత్తా లేదు, మావయ్యా లేడు. ఆ లాడ్జి చోట ఇప్పుడు ఏదో పెద్ద హోటలు లేచింది, హాల్లోకి మంచు రాకుండా అద్దాల తలుపులట. నాకు రక్తపోటు వచ్చి డాక్టరు ఉప్పు మానిపించాక, రుచిగా తినగలిగేది ఆ పిల్ల ఇంట్లోనే. అందుకే నెలలకి నెలలు అక్కడే ఉంటున్నాను.

ఆ రోజు మాల్‌లో అద్దం మీద అరచెయ్యి ఆనించి ఆ పిల్ల అన్న మాట ఇదీ: "పాపం వదినా, దీని నీళ్ళల్లో ఉప్పెక్కువైపోయింది."

పక్కన బోర్డు మీద మంచినీటి చేప అని రాసి ఉంది.

ఇంటికొచ్చి, కాళ్ళైనా కడుక్కోకుండా, పిల్లకి దిష్టి తీద్దామని వంటింట్లోకి పరిగెత్తాను. డబ్బాలన్నీ తీసి చూశాను. మా ఇద్దరి మూలానా ఆ ఇంట్లో గుప్పెడు ఉప్పు లేదు.