అండమాన్‌కు ఎవరెవరం

గర్భసంచి ఆపరేషన్ అయ్యాక నన్ను చూడ్డానికి వచ్చిన వాళ్లందరికీ చాయ్ పెట్టింది నేనే. ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పడం లేదు, మా పెద్దపల్లిలో పరామర్శ అంటే అంతే. బ్రెడ్డు ప్యాకెట్టు, బత్తాయిలు పట్టుకుని వస్తారు. "లేవకు లేవకు, పండుకో" అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంటారు. వచ్చిన మనిషికి చాయ్ పొయ్యకుండా పడుకునే ధైర్యం మా ఇళ్లలో ఏ ఆడదానికీ లేదు. నేను కుట్లు పట్టుకుని లేచి స్టవ్ వెలిగిస్తే, "అయ్యో, మాకెందుకమ్మా" అంటూనే "చక్కెర జర తక్కువెయ్యి" అనేవాళ్లు.

సెలవంతా అలాగే గడిచింది. మళ్లీ బడికి పోతున్నా నీరసం పోలేదు. పిల్లలకు లెక్కలు చెబుతూ చెబుతూ బోర్డు పట్టుకుని నిలబడిపోయేదాన్ని. ఇక నా ఒళ్లు నాకు తిరిగి రాదేమోనని భయం పట్టుకుంది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, "నీకు రోగమేం లేదమ్మా. రెస్టు తీసుకోలే, గంతే" అని కసిరింది.

అప్పుడే మా బడిలో తోటి టీచరమ్మ ఫోన్లో ఒక చోటు చూపించింది. అండమాన్‌లో ఏదో చిన్న దీవి. పొద్దున్నే అడవిలో నడక, ఆసనాలు, నూనె మాలిష్, తేలికైన తిండి, చీకటి పడగానే పడక. కొబ్బరిచెట్ల కింద చెక్క గుడిసె, అందులో ఒకే మంచం. ఆ ఫోటోలో సముద్రాన్ని నేను సరిగ్గా చూడనేలేదు. ఒక వారం పాటు నన్నెవరూ ఏమీ అడగని చోట పడుకోవాలి, నాకు కావలసింది అదొక్కటే.

మా ఆయనకు చెబితే సంబరపడిపోయాడు. "మంచిదే గదా, అందరం పోదాం" అన్నాడు. నా గుండెల్లో రాయి పడింది.

ఆయన కాలనీ వాళ్లందరినీ పోగేసి, బస్సు మాట్లాడి కాశీకి తీసుకుపోయిన మనిషి. ఆయన దృష్టిలో ప్రయాణమంటే వంటమనిషి, గ్యాస్ పొయ్యి, బియ్యం బస్తా, బస్సు నిండా జనం. వెంటనే ఆ దీవి వాళ్లకు ఫోన్ చేసి, వంట మేమే చేసుకుంటాం, జాగా ఇస్తారా అని మన హిందీలో అడిగాడు. నాటుకోళ్లు దొరుకుతాయా అని కూడా అడిగాడు. అక్కడ మాంసం వండరనీ, పొయ్యి అసలే ఇవ్వరనీ అవతలి అమ్మాయి చెప్పింది. ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు. "గంత దూరం పోయి గడ్డి తినాల్నా?" అన్నాడు. అయినా వెనక్కి తగ్గలేదు.

వార్త భైంసాకు చేరింది. మా ఆయన అక్క, అంటే మా వదిన, ఫోన్లో గట్టిగా అరిచింది. "ఆపరేషనైన పిల్లను సముద్రం కాడ ఒక్కదాన్ని ఇడుస్తరా? నేనొస్త." కాగజ్‌నగర్‌లో దుకాణం నడుపుకునే మా తమ్ముడు, "ఫికర్ చెయ్యకు అక్కా, నేను, నీ మరదలు వస్తం" అన్నాడు. అత్తమ్మకు అండమాన్ అంటే తెలిసింది జైలొక్కటే. "గా నల్లనీళ్లకు పోయినోళ్లు తిరిగి రాలేదట. నేను గూడ వస్త" అని చీరలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

వద్దని ఎవరికి చెప్పను? అందరిదీ ప్రేమే. ఆ ప్రేమ చూస్తే నాకు ఒళ్లు మండేది, మండినందుకు మళ్లీ సిగ్గేసేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. కానీ "మీరు రాకండి" అని నోరు తెరిచి అడగడం ఎలాగో నాకు చేతకాలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, భైంసా నుంచి వదిన ముందుగానే దిగింది. ప్రయాణానికి సకినాలు చేయాలి కదా. మా దగ్గర సకినాలు లేనిదే శుభకార్యమూ కాదు, దూరప్రయాణమూ సాగదు. తడిబియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, నేల మీద బట్ట పరిచి అత్తమ్మతో కలిసి ముగ్గురం చుట్టడానికి కూర్చున్నాం. "గాళ్లేం పెడ్తరో ఏమో. ఇవుంటే పానం నిలుస్తది" అంది వదిన.

నాలుగు చుట్టానో లేదో, చెయ్యి ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అత్తమ్మ చూసింది. "నొస్తుందా బిడ్డా?"

"లేదత్తమ్మా."

"మరేంది?"

"పండుకోవాలని ఉంది. ఒక వారం ఊకె పండుకోవాలని ఉంది. గందుకే గా దీవికి పోదామనుకున్న."

అత్తమ్మ చుట్టడం ఆపి నా వైపు తిరిగింది. "పండుకునేటందుకా? మరి గిందరం వచ్చి ఏం జేస్తం? నిన్ను లేపుతమా?"

చేతికంటిన పిండి దులుపుకుని, ముందుగదిలో క్రికెట్ చూస్తున్న మా ఆయనను కేకేసింది. "ఒరేయ్, నేను రాను. సముద్రం నాకు పడది."

"నువ్వు సముద్రం ఎన్నడు సూసినవే అవ్వా?"

"సూడకనే పడది. నేనింట్ల ఉంటే నన్నెవరు సూస్తరు? నువ్వుండు. అది పోయొస్తది."

మా ఇంట్లో పెద్దావిడను వదిలి ఎవరైనా విహారానికి పోతే నలుగురూ నవ్వుతారు. ఆ ఒక్క మాటతో అత్తమ్మ అందరి కాళ్లకూ బంధం వేసింది. వదిన మెల్లగా అంది, "నిజం జెప్పాల్నంటే పత్తి ఇంటికొచ్చే కాలం. ఎట్ల ఇడిసి రావాల్నా అని పరేషాన్ అయితున్న." మా ఆయన టీవీ ఆపేసి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "నాక్కూడ ఇమానమంటే జర భయమే" అన్నాడు, నేల చూపులు చూస్తూ. తమ్ముడికి ఫోన్ చేస్తే, "దుకాణం ఎవరికి అప్పజెప్పాల్నో తెల్వక తల పట్టుకున్న అక్కా" అని గట్టిగా ఊపిరి వదిలాడు.

ఒక్కరికీ రావాలని లేదు. రాకపోతే బాగుండదని వస్తున్నారు. నాకు నవ్వాగలేదు, కుట్లున్న చోట నొప్పి పుట్టేదాకా నవ్వాను. ఆ సాయంత్రమే నా ఒక్కదాని పేరు మీద టికెట్ తీశాం.

తర్వాత వంటింట్లో సకినాలు నూనెలో కాలుస్తూ అత్తమ్మ, నా వైపు చూడకుండానే చెప్పింది. "నాకు గూడ గదే ఆపరేషన్ అయింది. కుట్లెండకముందే వరినాటుకు పోయిన. పండుకోవాలని పానం గుంజుతుండె. ఎవ్వరికి జెప్పలే. నువ్వు జెప్పినవ్, మంచిగ జేసినవ్."

ఆమె భుజం మీద చెయ్యి వేశాను.

"గక్కడ మంచిగ నిద్ర వడ్తదా?" అని అడిగింది.

"పడ్తదట అత్తమ్మా."

"అయితే నా వంతు గూడ పండుకొని రా."