కాల్చని శాండ్‌విచ్

అమ్మకు దవడ పన్ను పీకించడానికి కకిరిగుమ్మ నుంచి పొద్దుటి బండికి రాయగడ తీసుకువెళ్లాను. ముందు రాత్రంతా రైల్వే స్టేషన్లో డ్యూటీ చేసినవాణ్ణి, నిలబడే కునికిపాట్లు పడుతున్నాను. పన్ను పీకిన డాక్టరు, దూది తీసేశాక మెత్తగా, చల్లగా ఏదైనా పెట్టమన్నారు. దగ్గర్లో ఉన్నది ఒక్క శాండ్‌విచ్ కొట్టే.

ఊరు ఒడిశాదైనా కొట్టాయన మన తెలుగువైపు మనిషే. మొబైల్లో క్రికెట్ చూస్తున్నాడు. రొట్టె కాల్చవద్దనీ, కారం వద్దనీ, వెన్న రాసి ఉడికిన బంగాళాదుంప పెట్టి ఇస్తే చాలనీ చెప్పాను.

“అలాగే బావూ” అన్నాడు తలెత్తకుండా.

వచ్చినది నల్లటి చారలు పడేదాకా కాల్చినది. అమ్మ వేలితో నొక్కి చూసి నావైపు తోసేసింది. వెళ్లి మళ్లీ చెప్పాను. ఈసారి కాల్చలేదు గానీ, లోపల పచ్చిమిర్చి పచ్చడి దట్టంగా పూసి ఉంది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక కావాలి, నాకు అది లేదు. ఆ కారం నేనే నములుతూ మూడోసారి చెప్పాను. ఆయన మళ్లీ అలాగేనని, రొట్టె కాల్చే మిషను మూత తెరిచాడు.

అమ్మ లేచింది. బుగ్గ వాచి మాట సరిగ్గా రావడం లేదు. బల్ల వెనక్కి వెళ్లి, చేతులు కడుక్కుని, ఆయన చేతిలోని రొట్టె తీసుకుంది.

“నువ్వు ఆట సూసుకో నాయినా. నాను సేసుకుంతాను.”

ఆయన నిజంగానే పక్కకు జరిగాడు. ఎవరో ఔటయ్యారు కాబోలు.

అంతలో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు వచ్చారు. అమ్మే కొట్టు మనిషి అనుకుని, ఒకమ్మాయి ఉల్లిపాయ వద్దనీ, రెండో అమ్మాయి చీజు ఎక్కువ వేయమనీ ఒడియాలో చెప్పారు. లేచి విషయం చెబుదామనుకున్నాను గానీ కాళ్లు లేవలేదు. అమ్మ వాళ్లకు ఎవరడిగినట్టు వాళ్లకు చేసిచ్చి, తన రొట్టె పట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చుంది. చిన్న చిన్న తుంపులు చేసి ఒక పక్కనే నమిలింది.

అమ్మాయిలు బాగుందని చెప్పి వెళ్లారు. అప్పటికి గానీ ఆయన తలెత్తలేదు. అమ్మను కాసేపు చూశాడు.

“సాయంకాలాలు వత్తావేటమ్మా?” అన్నాడు. వేళాకోళం కాదు, పనికే అడిగాడు.

అమ్మ నవ్వబోయి బుగ్గ పట్టుకుంది. ఇంట్లో ఒకడికి వండి పెట్టేసరికే చాలవుతోందని నన్ను చూపించి సైగ చేసింది.

తిరుగు బండిలో ఇద్దరం నిద్రపోయాం. మా స్టేషన్ దాటిపోకుండా లేపింది కూడా ఆమే.