మట్టిని పేరుపెట్టి పిలిచిన మేడమ్

మా మట్టి పరీక్షల ల్యాబ్‌ను ఇన్నాళ్లూ నడిపిన మేడమ్ మొన్న ఉదయం నల్లగండ్లలోని తన ఫ్లాట్‌లో గుండె ఆగి చనిపోయారు. ఫోన్ వచ్చినప్పుడు నేను మదీనాగూడ సైటులో ఉన్నాను. తవ్విపోసిన మట్టికుప్ప మీదే కూర్చున్నాను.

ఆమెది అనంతపురం వైపు. జల్లెడ పట్టకముందే మట్టిని కాస్త తడిపి వేళ్ల మధ్య రుద్దేవారు. గరగరలాడితే ఇసుక, పిండిలా జారితే ఒండ్రు, వేలిని వదలకపోతే బంకమన్ను. రిపోర్టులో ఎవరైనా ఉత్త ‘మట్టి’ అని రాస్తే కాగితం చింపేసేవారు. “ఏ మట్టి రా? దాని పేరు తెలుసుకోకుంటే నిన్ను మింగుతాది!”

ఒకరోజు నానక్‌రామ్‌గూడలో టవర్ పునాది కోసం తవ్విన లోతైన గుంత చూడటానికి ఇద్దరం వెళ్లాం. గోడలన్నీ గట్టి మొరమని అక్కడివాళ్లు చెప్పారు. మేడమ్ గుప్పెడు తీసి నలిపారు. అది ఎవరో ఎప్పుడో తెచ్చిపోసిన ఒండ్రు, పైగా వానకు నానింది.

“ఇది నిలబడదు,” అని కింద ఉన్న కూలీలను పైకి రమ్మని హిందీలో కేకేశారు. “ఊపర్ ఆవో! సబ్ ఆవో!”

సైటు సూపర్‌వైజర్ మనుషులను వెంటేసుకుని వచ్చాడు. “ఏందమ్మా, గిట్ల పని ఆపుతే సేఠ్‌కు నువ్వు జవాబు చెప్తవా?”

“చెప్తా. ముందు వాళ్లను ఎక్కనీ.”

సూపర్‌వైజర్ ఆమెను చెంప మీద కొట్టాడు. అడ్డుపోయిన నన్ను కిందపడేసి వాడి మనుషులు తన్నారు. మేడమ్ ఆగలేదు, మళ్లీ కేకేశారు. ఈసారి ఇనుప కడ్డీతో ఆమె కుడిభుజం మీద బాదాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆమె అరుపు విని కూలీలు పారలు వదిలేసి పైకి పరుగెత్తుకొచ్చారు. “ఏం కాదు, చూడుండ్రి,” అంటూ వాళ్లను పక్కకు నెట్టి సూపర్‌వైజర్ తానే గుంతలోకి దిగాడు. అప్పుడే గోడ కూలి అతన్ని కప్పేసింది.

“చావనీయండి మేడమ్,” అన్నాడు కూలీల మేస్త్రీ.

“బంకమన్నైతే పెళ్లల మధ్య సందన్నా ఉంటాది. ఇది ఒండ్రు, ముక్కు మూసేస్తాది. దిగండి రా!” అంటూ ఆమే ముందు గుంతలోకి జారారు. ఆ వెనకే మేమంతా దిగాం.

అతను బతికాడు. తర్వాత కేసు నడిచి జైలుకు పోయాడు. మేడమ్ కుడిచేయి మాత్రం భుజం దాటి మళ్లీ లేవలేదు.

మొన్న ఆ ఫోన్ వచ్చినప్పటి నుంచి నా కళ్లముందు ఆ గుంతే కదులుతోంది. విరిగిన చేయి వేలాడుతుంటే ఆమె ఎడమచేత్తో తోడుతున్నారు. ముందు జుట్టు కనిపించింది, తర్వాత ముఖం. అతని నోట్లో వేళ్లు పెట్టి మన్ను లాగారు. ఊపిరి అందక అతను ఆ వేళ్లనే కసుక్కున కొరికాడు. రక్తం కారుతున్నా, ఆమె చేయి తీయలేదు.