పోయని కుండ

అడవి తల్లికి, ఆమె నీడన ఒదిగిన ప్రాణికోటికి ముందుగా నమస్సు. చైత్ర బహుళ తదియ, భానువారం.

నేటి ఉదయం మనుమరాలు తన ఫోనులో ఒక దృశ్యం చూపింది. అడవిలో కట్టిన నీటి తొట్టి వద్ద మగ కణుజు దుప్పి తల వంచి నీరు త్రాగుతున్నది. పిల్ల మురిసిపోయింది, నాకు మాత్రం చిన్నాన్న జ్ఞప్తికి వచ్చి చేతిలోని కాఫీ సహించలేదు.

వేట ఇంకా నిషిద్ధం కాని కాలమది. విత్తనాల పండుగకు మగవారు సర్కారు అడవిలో వేటాడడం, ఉత్త చేతులతో తిరిగివస్తే పొలిమేరలో ఆడవారు పేడనీళ్లు కుమ్మరించి నవ్వడం, చుట్టుపక్కల గూడేలను చూసి మా పల్లె పట్టుకున్న ఆచారం. అంతకు ముందటి యేడు నిలువెల్లా తడిసిన చిన్నాన్న, ఈసారి కణుజును తేకుండా రానని పంతం పట్టి, చదువు ముగించి ఉద్యోగానికై ఎదురుచూస్తున్న నన్ను వెంటబెట్టుకొని వేసవి పొడుగునా వాగు వెంట తిరిగాడు. గిట్ట గుర్తు అంచు తడిగా ఉన్నదా, ఆరిందా అని వ్రేలితో తడిమేవాడు. బూడిద జారవిడిచి గాలి వాలు చూసేవాడు. ఎవరు ఏ చెట్టు మొదట మాటు వేయాలో అక్కడ గడ్డి ముడివేసి చూపి, డప్పు ఆగేదాకా ఎవ్వరూ కదలరాదని అందరికీ మరీ మరీ చెప్పాడు.

బయలుదేరేనాడు చిన్నమ్మ కుండ చంకనెత్తుకొని, "గీసారి గూడ ఉత్తగ వస్తే ముందుగాల నేనే పోస్త, సూస్కో!" అన్నది.

"అవ్, మోసుడే గాని నీకు పోసుడుండదే!" అని చిన్నాన్న మీసం మెలేశాడు.

మేము డప్పులతో కణుజును వాగు మీదికి తోలుతున్న వేళ గాలి మళ్లింది. తన వాసన దానికి సోకుతుందనుకున్నాడేమో, తాను విధించిన కట్టడిని తానే మీరి చిన్నాన్న పొదల చాటున ప్రక్కకు జరిగాడు. అక్కడ మనిషి ఉండడన్న నమ్మకంతో, కదిలిన పొదపై, మాటులో ఉన్న మా మేనమామ తుపాకి పేల్చాడు. చిన్నాన్న గడ్డి ముడి వద్ద చోటు ఖాళీగా ఉండడం చూశాక గాని మాకు జరిగింది బోధపడలేదు. కణుజు గట్టెక్కి వెళ్లిపోయింది.

చిన్నాన్నను మోసుకొస్తున్న మా భుజాల మీది కర్రను దూరం నుండి చూసి, వేట పడిందని ఆడవారు చప్పట్లు చరిచారు. అందరికన్నా ముందు నవ్వుతూ కుండ దించింది చిన్నమ్మే.

నేడు ఆ అడవిలో కణుజు నిర్భయంగా దప్పిక తీర్చుకుంటున్నది, అది మంచిదే. బూడిదతో గాలి వాలు చూసే చేతులు మాత్రం లేవు, వాటి కోసం పొలిమేరలో ఎదురుచూసే కళ్లూ లేవు.

ఆ యేడు జ్యేష్ఠ శుద్ధ పాడ్యమినాడు మేనమామ తుపాకిని ఠాణాలో అప్పగించాడు. చిన్నమ్మ కుండను వాగులో విడిచింది. అటుపై మా పల్లె నుండి వేటకు ఎవ్వరూ వెళ్లలేదు.